బెల్టు బండి కీచుమంటే...



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మేము కొంచెం వెనకాడాం. కవితలు, కథలు రాసేవాళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు. మేము మాత్రం ఇక్కడ చదువుకొని, తరవాత బళ్ళ పని నేర్చుకొని, ఆ పనితోనే ఇల్లు నడుపుకుంటున్న వాళ్ళం. కాబట్టి మాకు తెలిసిన సంగతే రాస్తున్నాం. బెల్టుతో నడిచే మోటారు సైకిల్ కీచుమని అరుస్తుంటే, ఆ అరుపు ఎక్కడిదో, ఎందుకో ఎలా కనిపెట్టాలి అన్నదే ఈ వ్యాసం. ఇందులో ఎనిమిదో తరగతి ఘర్షణ పాఠం ఉంది, క.సా.గు. ఉంది, సుద్దముక్క కూడా ఉంది. చదువు వేరు, పని వేరు అనుకునే తమ్ముళ్ళు ముఖ్యంగా చదవాలని మా కోరిక.

బెల్టు ఏ బండికి ఉంటుంది?

మన ఊళ్ళల్లో తిరిగే పెట్రోలు మోటారు సైకిళ్ళలో దాదాపు అన్నిటికీ వెనక చక్రాన్ని తిప్పేది గొలుసు, అంటే చైను. గేర్లు లేని పెట్రోలు స్కూటర్లలో ఇంజను పక్క డబ్బాలో ఒక రబ్బరు బెల్టు ఉంటుంది. దాని అంచులు ఏటవాలుగా ఉంటాయి, అది పుల్లీ గాడిలో బిగుసుకొని తిరుగుతుంది. 1984లో వచ్చిన కైనెటిక్ హోండాతో ఈ పద్ధతి మన దేశంలో అందరికీ తెలిసింది. మూడో రకం పళ్ళ బెల్టు. దీని లోపలి వైపు వరసగా పళ్ళుంటాయి. ఆ పళ్ళు పుల్లీ పళ్ళ మధ్య కూర్చొని చక్రాన్ని తిప్పుతాయి. ఈ వ్యాసం ముఖ్యంగా ఈ మూడో రకం గురించే.

నిజానికి మోటారు సైకిల్ పుట్టిన తొలి రోజుల్లో చాలా బళ్ళు తోలు బెల్టులతోనే నడిచాయి. వాన పడితే తోలు జారిపోయేది. అందుకని చైను ఆ చోటు ఆక్రమించింది. తరవాత చాలాకాలానికి, 1980లో అమెరికాలోని హార్లీ డేవిడ్‌సన్ వాళ్ళు స్టర్జిస్ అనే బండికి పళ్ళ బెల్టు వేసి, బెల్టును మళ్ళీ రోడ్డెక్కించారు. మన దేశంలో 2018లో వచ్చిన ఏథర్ 450 విద్యుత్ స్కూటరుకూ, 2019లో వచ్చిన రివోల్ట్ ఆర్.వి. 400 విద్యుత్ మోటారు సైకిల్‌కూ పళ్ళ బెల్టే. విద్యుత్ బళ్ళు పెరిగే కొద్దీ ఈ బెల్టు టెక్కలి, పలాస రోడ్ల మీదికి కూడా వచ్చింది.

విద్యుత్ బండికి ఇంజను మోత ఉండదు. పెట్రోలు బండిలో ఆ మోత కింద అణిగిపోయే చిన్న చప్పుడు కూడా ఇందులో చెవిన పడుతుంది. అందుకే ఈ బళ్ళు కొన్నవాళ్ళు మా దగ్గరికి వచ్చి మొదట చెప్పే మాట, "కీచుమంటోంది, చూడండి" అని.

కీచుమనే చప్పుడు ఎలా పుడుతుంది?

నల్లబల్ల మీద సుద్దముక్కను నిలువుగా పట్టి గీస్తే కీచుమంటుంది. అదే ముక్కను విరిచి, పొట్టిగా చేసి, కాస్త వాల్చి రాస్తే చప్పుడు రాదు. హాస్టల్లో ట్రంకు పెట్టెను గచ్చు మీద లాగినా అంతే. కొన్నిసార్లు కీచుమంటుంది, కొన్నిసార్లు గరగరమంటుంది, ఒక చివర ఎత్తి లాగితే ఊరుకుంటుంది.

కారణం ఘర్షణ పాఠంలోనే ఉంది. కదలకుండా ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం ఎక్కువ. అది స్థైతిక ఘర్షణ. ఒకసారి జారడం మొదలయ్యాక కావలసిన బలం తక్కువ. అది జారుడు ఘర్షణ. రెండు తలాలు ఒకదానికొకటి అతుక్కొని కొంచెం సాగుతాయి, బలం పెరగగానే జారతాయి, జారగానే బలం తగ్గి మళ్ళీ అతుక్కుంటాయి. ఇది సెకనుకు వందల, వేల సార్లు జరిగితే గాలి కంపించి మన చెవికి కీచుమని వినబడుతుంది. 2004 వరకు నౌపడ నుంచి నడిచిన పర్లాకిమిడి చిన్న రైలు ఎక్కిన పెద్దలు మనలో ఉన్నారు. ఏ రైలైనా వంపు తిరిగేటప్పుడు చక్రం అంచు పట్టాకు ఒరుసుకొని అరుస్తుంది. బెల్టు అంచు పుల్లీ అంచుకు ఒరుసుకున్నప్పుడు జరిగేది కూడా ఇదే.

దీన్నిబట్టి ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. పళ్ళ బెల్టు పళ్ళతో పట్టి లాగుతుంది, రాపిడితో కాదు. కాబట్టి అది కీచుమంటే, ఎక్కడో ఒరుసుకోకూడని చోట ఒరుసుకుంటోంది, లేదా ఒరుసుకునే చోట తలం చెడింది అని అర్థం.

మన గాలి, మన దుమ్ము

నౌపడ అనగానే ఎవరికైనా ఉప్పు మళ్ళు గుర్తొస్తాయి. ఉప్పు గాలికి ఇనప చైను తొందరగా తుప్పు పడుతుంది. బెల్టుకు తుప్పు లేదు, నూనె అక్కర్లేదు. ఆ విధంగా చూస్తే సముద్రపు ఒడ్డు ఊళ్ళకు బెల్టు మంచిదే. కాని బెల్టు తిరిగే పుల్లీలు, వాటి లోపలి బేరింగులు లోహమే కదా. అల్యూమినియం పుల్లీ మీద ఉప్పు తేమ చేరితే తెల్లటి పొడి లేస్తుంది, తలం గరుకవుతుంది. ఆ గరుకు బెల్టును ఆకురాయిలా అరగదీస్తుంది.

ఉప్పుకు ఇంకో గుణం ఉంది. శుద్ధి చేయని ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు వంటి లవణాలు కలిసి ఉంటాయి. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వంటింట్లో కల్లుప్పు వానాకాలం చెమర్చడం మనం చూస్తూనే ఉంటాం. బెల్టు మీది ఉప్పు పొడి తెల్లవారుజామున చెమ్మగా ఉండి చప్పుడు చెయ్యదు. ఎండెక్కి పొడిబారగానే మొదలెడుతుంది. "పొద్దున్న బాగానే ఉంది, మధ్యాహ్నం అరుస్తోంది" అని ఎవరైనా అంటే మేము ముందు ఆ బండి ఏ దారిలో తిరుగుతుందో అడుగుతాం.

ఉప్పు ఒక్కటే కాదు. ఉద్దానం దారుల్లో సన్నటి ఇసుక ఉంది. టెక్కలి వైపు గ్రానైటు రాతి పొడి ఉంది. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట ఓడరేవు దారిలో లారీలు లేపే దుమ్ము ఉంది. పలాసలో జీడి గింజలు ఆడే చోట బండి నిలిపితే జిడ్డు పొగ, మసి పడతాయి. ఇసుక గీస్తుంది, రాతి పొడి అరగదీస్తుంది, జిడ్డు ఈ రెంటినీ అంటించి ఉంచుతుంది. ఒకే కీచుకు మందు ఊరూరికీ మారేది ఇందుకే.

ముందు జాగ్రత్త

పరీక్షకు ముందు ఒక మాట. బండి ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. విద్యుత్ బండి చప్పుడు లేకుండా ఉంటుంది కనక ఆగి ఉందని పొరబడతాం. యాక్సిలరేటరు తగిలితే క్షణంలో తిరుగుతుంది. బెల్టుకూ పుల్లీకీ మధ్య వేలు పడితే వేలు పోతుంది. తిరిగే బెల్టును గుడ్డతో తుడవకూడదు. లుంగీ, తువ్వాలు, చున్నీ వేలాడకుండా చూసుకోవాలి. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి, మోటారుతో తిప్పి చూడకూడదు.

అరుస్తున్నది బెల్టేనా?

మా దగ్గరికి బెల్టు చప్పుడని వచ్చిన బళ్ళలో కొన్నిటికి అసలు బెల్టుతో సంబంధమే లేదు. అందుకని ముందు దోషి ఎవరో తేల్చాలి. మేము చేసే వరస ఇది.

మొదటిది, బండిని నిలబెట్టి సీటు మీద చేతులు ఆనించి కిందికీ పైకీ ఊపాలి. చక్రం తిరగకుండానే కీచుమంటే అది షాకబ్జార్బరు దగ్గరి రబ్బరు బుష్షులదో, స్టాండు స్ప్రింగుదో, మడ్‌గార్డుదో. బెల్టు జోలికి పోనక్కర్లేదు.

రెండవది, బండిని మెల్లగా తోస్తూ వెనక బ్రేకు చాలా తేలిగ్గా పట్టాలి. చప్పుడు మారినా, ఆగినా బ్రేకు ప్యాడ్లను, డిస్కును చూడాలి. ఇసుక రేణువు ఒకటి ప్యాడులో ఇరుక్కుంటే అచ్చం బెల్టులాగే అరుస్తుంది.

మూడవది, బండిని స్టాండు వేసి వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకొని అటూ ఇటూ కదపాలి. లొటలొటలాడితే బేరింగు పోయిందేమో చూడాలి. బేరింగు చప్పుడు సాధారణంగా కీచు కాదు. గుర్రుమని, తిరగలి తిప్పినట్టు ఉంటుంది. వేగంతో పెరుగుతుంది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఇంకో చేతిని బండి చట్రం మీద పెడితే ఆ గరగర చేతికి తెలుస్తుంది.

నాలుగవది సుద్దముక్క పరీక్ష. తమ్ముళ్ళు ఇష్టపడేది ఇదే. టైరు పక్కన ఒక గీత, బెల్టు వీపు మీద ఒక గీత, కనబడితే ముందు పుల్లీ మీద ఒక గీత సుద్దతో గీయాలి. ఒకరు బండి తోయాలి, ఇంకొకరు పక్కన నడుస్తూ వినాలి. చప్పుడు ఏ గీతతో పాటు వస్తుందో అక్కడే దోషం.

లెక్క సులువు కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. వెనక పుల్లీకి 80 పళ్ళు, ముందు పుల్లీకి 16 పళ్ళు, బెల్టుకు 120 పళ్ళు అనుకోండి. చక్రం ఒక చుట్టు తిరిగితే బెల్టు 80 పళ్ళు జరుగుతుంది. ముందు పుల్లీ 5 చుట్లు తిరుగుతుంది. బెల్టు ఒక పూర్తి చుట్టు రావడానికి చక్రం ఒకటిన్నర చుట్లు తిరగాలి. 80కీ 120కీ క.సా.గు. 240. అంటే చక్రం 3 చుట్లు తిరిగేసరికి బెల్టు 2 చుట్లు, ముందు పుల్లీ 15 చుట్లు పూర్తిచేసి, గీతలన్నీ మొదటి చోటికి వస్తాయి.

17 అంగుళాల చక్రం ఉన్న బండికి టైరుతో కలిపి చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. హాస్టలు ఆవరణలో పదకొండు మీటర్లు తోస్తే చక్రం దాదాపు 6 చుట్లు తిరుగుతుంది. ఆ దూరంలో చప్పుడు 6 సార్లు వస్తే చక్రం వైపు వెతకాలి. వెనక పుల్లీ వంకరో, బ్రేకు డిస్కో, చక్రం బేరింగో కావచ్చు. 4 సార్లు వస్తే బెల్టు మీదే ఒక చోట దెబ్బ ఉంది. రాయి గుచ్చుకొని ఉండవచ్చు, ఒక పన్ను విరిగి ఉండవచ్చు. లెక్కపెట్టలేనంత గబగబా, సుమారు 30 సార్లు వస్తే ముందు పుల్లీనో, మోటారు ఇరుసునో అనుమానించాలి. ఆగకుండా ఒకేలా కీచుమంటే అది ఒక చోటి దోషం కాదు, మొత్తం అమరికదో దుమ్ముదో. మీ బండి పళ్ళు మీరే లెక్కపెట్టుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ఇది రోడ్డు మీద నడుపుతూ కాకుండా మెల్లగా తోస్తూనే ఎందుకు చేయాలంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు దాదాపు 6 చుట్లు తిరుగుతుంది. అప్పుడు అన్ని చప్పుళ్ళూ కలిసిపోతాయి. మనిషి కూర్చుంటేనే అరిచే బండైతే ఒకరిని కూర్చోబెట్టి ఇద్దరు తోయాలి.

అయిదవది నీళ్ళ పరీక్ష. దోసెడు నీళ్ళు బెల్టు లోపలి పళ్ళ మీదా, రెండు అంచుల మీదా పోసి మళ్ళీ తోయాలి. చప్పుడు వెంటనే ఆగి, ఆరిన తరవాత తిరిగి వస్తే అది బెల్టూ పుల్లీ ఒరుసుకునే చోటిదే. ఏమీ మారకపోతే బేరింగో మరొకటో. నీళ్ళు మంచినీళ్ళయి ఉండాలి. మన తీరం ఊళ్ళల్లో కొన్ని బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళు పోస్తే ఆరాక ఇంకొంచెం ఉప్పు మిగులుతుంది.

బెల్టుదేనని తేలాక

అప్పుడు నాలుగు కారణాలు వెతకాలి. తేలికగా చేయగలిగిన దానితో మొదలుపెట్టి, ఖర్చయ్యేదాన్ని చివరికి ఉంచుకోవాలి.

దుమ్ము: చాలాసార్లు పని ఇక్కడే అయిపోతుంది. మంచినీళ్ళలో కొంచెం సబ్బు కలిపి, పాత పళ్ళ బ్రష్షుతో బెల్టు పళ్ళ సందుల్లో, పుల్లీ గాళ్ళలో, అంచుల్లో రుద్దాలి. మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరనివ్వాలి. నీళ్ళ గొట్టంతో మోటారు మీదికి గట్టిగా కొట్టకూడదు. ఉప్పు మళ్ళ దారిలో రోజూ తిరిగే బండికి వారానికి ఒకసారి ఈ స్నానం అవసరం.

వరస తప్పడం: ముందు పుల్లీ, వెనక పుల్లీ ఒకే గీతలో ఉండాలి. ఇరుసుకు రెండు వైపులా బిగించే మరలుంటాయి, పక్కన గీతలుంటాయి. రెండు వైపులా ఒకే గీత దగ్గర ఉందో లేదో చూడాలి. చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కీ తిప్పుతూ బెల్టు ఎటు జరుగుతోందో గమనించాలి. ఒక అంచును తేలిగ్గా తాకుతూ తిరగడం తప్పు కాదు. అంచు మీదికి ఎక్కడం, బెల్టు పక్కలు నున్నగా మెరవడం, పోగులు దూదిలా లేవడం తప్పు.

బిగువు: వదులైతే గట్టిగా లాగినప్పుడో, గుంతలో పడినప్పుడో పళ్ళు ఎగిరి టకటకమంటాయి. మరీ బిగువైతే వేగంతో పాటు జుయ్‌మని సన్నటి మోత పెరుగుతుంది. ఆ బిగువు బేరింగులను తినేస్తుంది. ఎంత బిగువుండాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. బెల్టు మధ్యలో ఇంత బలంతో లాగితే ఇన్ని మిల్లీమీటర్లు జరగాలి అని రాస్తారు. చాలా బళ్ళకు ఆ బలం సుమారు 4.5 కిలోలు. దీనికి ఖరీదైన పనిముట్టు అక్కర్లేదు. తూకం వేసే స్ప్రింగు కాటా, స్కేలు చాలు. చక్రాన్ని పావు చుట్టు చొప్పున తిప్పి నాలుగు చోట్ల కొలవాలి. అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటును లెక్కలోకి తీసుకోవాలి. స్టాండు మీద కొలవాలా, మనిషి కూర్చున్నప్పుడు కొలవాలా అన్నది కూడా పుస్తకంలో చూడాలి. షాకబ్జార్బరు కుంగినప్పుడు బిగువు మారుతుంది కాబట్టి రెండు కొలతలూ ఒకటి కావు.

అరుగుదల: బెల్టు లోపల గాజు నారో, కార్బను నారో, అరామిడ్ నారో పోగులుగా ఉంటుంది. బలమంతా దానిదే. పైన కనబడే రబ్బరు గానీ, పాలీయురెథేన్ గానీ పళ్ళ రూపం ఇచ్చేది మాత్రమే. పళ్ళ మొదట్లో పగుళ్ళు, కొక్కెంలా వంగిన పళ్ళు, రాయి చేసిన రంధ్రం, బయటికి కనబడే నార ఉన్నాయేమో వెలుతురులో చుట్టంతా చూడాలి. పుల్లీ పళ్ళ మీద గోరు గీసి చూడాలి. గోరు తట్టుకుంటే పుల్లీ అరిగింది. అరిగిన పుల్లీ మీద కొత్త బెల్టు వేస్తే అది కూడా తొందరగా పాడవుతుంది.

పెట్రోలు స్కూటరు మాట

గేర్లు లేని పెట్రోలు స్కూటరు బెల్టు పద్ధతి వేరు. అది రాపిడితోనే లాగుతుంది. కదిలేటప్పుడు కీచుమని, వేగం అందుకున్నాక ఊరుకుంటే బెల్టు జారుతోందని గాని, క్లచ్చు గిన్నె నున్నబడిందని గాని అనుమానించాలి. డబ్బా విప్పకుండా తేల్చలేం. బెల్టు వెడల్పు కొలిచి పుస్తకంలోని హద్దుతో పోల్చాలి. ఆ డబ్బాలో నీళ్ళ పరీక్ష చేయకూడదు.

చేయకూడని పనులు

పిండి మరలో బల్లపరుపు బెల్టు జారితే జిగురు మందు రాస్తారు. అక్కడ అది సరే, ఆ బెల్టు పట్టుకునేది రాపిడితోనే. పళ్ళ బెల్టుకు జిగురు రాస్తే దుమ్ము అంటుకోవడం తప్ప లాభం లేదు. గ్రీజు, ఇంజనాయిలు, కొబ్బరినూనె, డీజిలు, కిరోసిను, పెట్రోలు ఏవీ బెల్టుకు తగలకూడదు. అవి చప్పుడును రెండు రోజులు నొక్కిపెట్టి, ఇసుకను పోగుచేసి, రబ్బరును ఉబ్బిస్తాయి. పొడిగా ఆరిపోయే సిలికాన్ స్ప్రే కూడా కంపెనీ పుస్తకం ఒప్పుకుంటేనే వాడాలి. బెల్టును చేతులతో మడవకూడదు, మెలి తిప్పకూడదు. పైకి ఏమీ కనబడదు గాని లోపలి నార చిట్లుతుంది. అలా చిట్లిన బెల్టు ఎక్కడో దూరం పోయాక తెగుతుంది.

ఒక బండి సంగతి

ఈ పరీక్షలకు ఇంత శ్రద్ధ ఎందుకని కొందరు అడగవచ్చు. మనకన్నా ముందు ఈ హాస్టల్లో ఉన్న అన్నగారొకరు ఉద్దానంలో ఉంటారు. వాళ్ళమ్మగారికి మూత్రపిండాల జబ్బు. వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు పలాస తీసుకెళ్ళాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాక మన ప్రాంతం వాళ్ళకు దూరాభారం కొంత తగ్గింది. కాని ఇంటి నుంచి అక్కడికి చేరాలి కదా. ఆయన పాత విద్యుత్ మోటారు సైకిల్ ఒకటి కొన్నారు. కొన్నాళ్ళకు అది కీచుమనడం మొదలెట్టింది. దారిలో ఆగిపోతే ఎలాగని అమ్మగారు భయపడి, బండి ఎక్కనని మొండికేశారు. ఆటోకు ఇస్తే ఆయన కూలి సగం అక్కడే పోతుంది.

ఒకచోట గ్రీజు రాసి పంపారు. చప్పుడు రెండు రోజులు ఆగి, మూడో రోజు ఇంకా గట్టిగా వచ్చింది. ఇంకోచోట బెల్టూ పుల్లీలూ మొత్తం మార్చాలన్నారు. అది ఆయనకు నెలల తరబడి అప్పు.

మా దగ్గరికి వచ్చాక మేము మొదట అడిగింది, "అన్నా, ఇది ఎప్పట్నుంచి?" అని. వెనక టైరు మార్చిన మర్నాటి నుంచి అన్నారు. సగం జబ్బు అక్కడే తెలిసింది. సుద్ద గీసి తోస్తే చప్పుడు ఏ గీతతోనూ కలవలేదు, ఆగకుండా వచ్చింది. అంచు మీద నీళ్ళు పోయగానే ఆగింది. ఇరుసు గీతలు చూస్తే ఎడమ వైపుకన్నా కుడి వైపు ఒక గీత వెనక్కి ఉంది. చక్రం వంకరగా కూర్చొని బెల్టు అంచు పుల్లీ అంచుకు ఒరుసుకుంటోంది. గ్రీజుకు పట్టిన ఇసుక ఆ రాపిడిని పెంచింది. సబ్బు నీళ్ళతో గ్రీజంతా వదిలించి, ఇరుసు సరిచేసి, బిగువు కొలిచి బిగించాం. బెల్టు అంచున కొద్దిగా పోగులు లేచాయి గాని పళ్ళూ నారా బాగున్నాయి. వారం తరవాత తెప్పించి మళ్ళీ చూశాం. పోగులు పెరగలేదు. అమ్మగారు ఇప్పుడు ఆ బండి మీదే వెళ్తున్నారు.

అందులో మా గొప్ప ఏమీ లేదు. అడగవలసిన ప్రశ్న అడగడం, చూడవలసిన చోట చూడడం అంతే.

ఎప్పుడు బండి ఆపాలి?

అన్ని కీచులూ చిన్నవి కావు. పన్ను ఊడినా, నార బయటపడినా, అంచు దగ్గర రంధ్రం పడినా, అడ్డంగా చీలిక ఉన్నా ఆ బండి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కకూడదు. బెల్టు తెగితే మోటారు తిరుగుతుంది గాని చక్రానికి బలం అందదు. వెనక లారీ ఉన్నప్పుడు బండి ఒక్కసారి బలం కోల్పోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. విద్యుత్ బళ్ళలో యాక్సిలరేటరు వదిలినప్పుడు మోటారే కొంత బ్రేకులా పనిచేస్తుంది. బెల్టు తెగితే ఆ సాయం కూడా పోతుంది. చేతి బ్రేకులు మాత్రం పనిచేస్తాయి, వాటితోనే పక్కకు తీసి ఆపాలి. అలాంటి బెల్టును మార్చడానికి వెనకాడకూడదు. డబ్బు మిగుల్చుకోవడం వేరు, ప్రాణంతో బేరం వేరు.

తమ్ముళ్ళకు ఒక మాట

షాపుకు వెళ్ళినప్పుడు "చప్పుడొస్తోంది, బాగుచెయ్యండి" అనకండి. ఎప్పుడు మొదలైంది, అంతకు ముందు ఏం మార్చారు, ఎండలోనా తడిలోనా, కదిలేటప్పుడా వేగంలోనా, చక్రం చుట్టుకు ఎన్నిసార్లు, బ్రేకు పడితే మారుతుందా అన్న ఆరు సంగతులు ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళండి. నిజాయితీగా పనిచేసే మెకానిక్కుకు ఆ కాగితం సగం పని తగ్గిస్తుంది. అవసరం లేని సామాను అంటగట్టే వాడికి ఆ కాగితం చూడగానే మీరు తెలిసినవారని అర్థమవుతుంది.

ఐ.టి.ఐ.కో పాలిటెక్నిక్‌కో వెళ్ళాలనుకునే వాళ్ళకు ఇంకో సంగతి. పెట్రోలు ఇంజను పని తెలిసినవాళ్ళు మన చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. విద్యుత్ బళ్ళు, బెల్టులు, బేరింగులు, వైరింగు తెలిసి, పుస్తకం చదివి కొలత ప్రకారం బిగించేవాళ్ళు ఇంకా తక్కువే. ఆ చోటు ఖాళీగా ఉంది. అందులోకి రావడానికి కావలసిన మొదటి పెట్టుబడి మీ సంచిలోనే ఉంది. ఘర్షణ పాఠం, కంపనాల పాఠం, లెక్కల నోటు పుస్తకం. పరీక్ష అయిపోయిందని వాటిని పాత కాగితాల వాడికి వేసేయకండి.

హాస్టలు గేటు కీలు కిర్రుమంటే ఇవాళే వెళ్ళి చూడండి. ఎక్కడ ఒరుసుకుంటోంది, తలుపు వాలిందా, తుప్పా, ఇసుకా? కారణం తెలిసేదాకా నూనె చుక్క వేయకండి. తెలిశాక ఎవరో ఒకరు మాకు ఉత్తరం రాయండి, వచ్చే సంచికలో దాని గురించి రాద్దాం.